కార్డున్న పిల్ల

నా చెల్లెలు సుజాతకు సంబంధం కుదిరింది బీడీ కార్డును చూసి. ఇందులో దాచవలసింది ఏమీ లేదు. ఆ రోజుల్లో కోరుట్లలో మా వాడ సంబంధాలన్నీ అలాగే కుదిరేవి. పిల్లకు కార్డుందా అని మొదట అడిగేవారు. ఉందంటే మిగతా అడగడాలు తగ్గేవి. కార్డున్నామె చుట్టిన బీడీలు కార్ఖానా పుస్తకంలో ఎక్కుతాయి. ఆమె పేర పీఎఫ్ జమ అవుతుంది. వయసు మళ్ళాక పింఛను వస్తుంది. కార్డు లేనామె ఎంత చుట్టినా చుట్టనట్టే.

మా ఇంటికి వచ్చింది ఒక్క కార్డు. ఇంటికి ఒకటే ఇస్తామని కార్ఖానా వాళ్ళు చెప్పారు. చుట్టేవాళ్ళు మాత్రం ఇద్దరు, నా భార్య కొమురవ్వ, నా చెల్లెలు. కొమురవ్వ చేతి ముందు సుజాత చేయి నిలిచేది కాదు. న్యాయంగా ఆ కార్డు కొమురవ్వది. కానీ అమ్మానాన్నలు లేరు, చెల్లెలి పెళ్ళి నా మెడ మీద ఉంది. కార్డుకు ఫోటో దిగే రోజు కొమురవ్వ కూడా తల దువ్వుకొని, మంచి చీర కట్టుకొని అరుగు మీద కూర్చుంది. నేను సుజాతను ఒక్కదాన్నే తీసుకొని పోయాను. తిరిగి వచ్చేసరికి కొమురవ్వ చీర మార్చుకొని, చాట ఒళ్ళో పెట్టుకొని ఆకు కత్తిరిస్తోంది.  

అప్పటి నుంచి ఇద్దరి బీడీలూ సుజాత పేరు మీదే పోయాయి. రాసుకునే మున్షీ బాబా మియాకు ఈ సంగతి తెలుసు. కొమురవ్వది ఎడమచేతి వాటం. ఆమె బీడీకి ఆకు చుట్టు తిరిగేది అందరి బీడీలకు ఎదురు దిక్కున. బాబా మియా కట్టను చేతిలో పట్టుకోగానే నవ్వేవాడు. ఎవరివని అడగకుండానే సుజాత పేరు మీద రాసేవాడు. మా వాడలో ఇదేమీ దొంగతనం కాదు. ప్రతి కార్డు కింద ఇద్దరో ముగ్గురో ఆడవాళ్ళు ఉండేవారు.

మేడిపల్లి నుంచి జైపాల్ వాళ్ళు పిల్లను చూడడానికి వచ్చారు. అతను అప్పుడు కరెంటు లైన్‌మన్, ఇంకా పర్మనెంటు కాలేదు. వాళ్ళ నాన్న బీడీ పుస్తకం అడిగి తీసుకొని ఒక్కో పేజీ తిప్పాడు. పిల్ల మొహం చూసిన దానికంటే ఎక్కువసేపు పుస్తకాన్నే చూశాడు. "పిల్ల బక్కగున్నా పుస్తకం మంచిగ బలిసింది," అన్నాడు. అందరం నవ్వాం. కొమురవ్వ కూడా నవ్వింది. ఆ పుస్తకం బలిసింది సగం ఆమె చేతులతోనే.

పెళ్ళయ్యాక వాళ్ళు మా వాడలోనే, మా పక్క ఇంట్లో కిరాయికి ఉన్నారు. ఇరవై ఒక్క ఏళ్ళు ఉన్నారు. పిల్లలు కాలేదు. ఒకసారి జైపాల్ కరెంటు స్తంభం మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. నాలుగు నెలలు మంచం మీదే ఉన్నాడు. జీతం సగమే వచ్చేది. ఆ నాలుగు నెలలు కొమురవ్వ పొద్దున ఒక పూట చుట్టి, వాళ్ళకూ మాకూ వండి, మళ్ళీ కూర్చుని చుట్టేది. అతనికి గిన్నె అందించేది ఆమే. అన్నంలో పొగాకు వాసన వస్తోందని అతను అనేవాడు. వాసన వస్తోందని తినడం మానలేదు.

తర్వాత అతనికి సిరిసిల్ల బదిలీ అయింది. మొదట వారానికోసారి వచ్చేవాడు. తర్వాత నెలకోసారి. తర్వాత పండుగకు కూడా రాలేదు. అక్కడ సాంచల షెడ్డులో, అంటే మరమగ్గాల షెడ్డులో, బట్ట మడతపెట్టే ఒకామెతో ఉంటున్నాడని, ఒక కొడుకు కూడా పుట్టాడని మాకు తెలిసేసరికి ఆ పిల్లవాడు నడుస్తున్నాడు.

ఆ మధ్యలోనే కొమురవ్వ పోయింది. ఊపిరితిత్తులు. దాని గురించి తర్వాత చెబుతాను.

ఆమె పోయిన నెలకు బాబా మియా నన్ను పిలిచాడు. సుజాత పుస్తకంలో బీడీలు సగానికి పడ్డాయని, పీఎఫ్ తగ్గిపోతుందని చెప్పాడు. అప్పటికే సుజాత కుడి మణికట్టు వాచి ఉండేది. ఆమె ఒక్కతే చుట్టేది కొద్దిపాటే. చెల్లెలికి ముసలితనంలో ఆ డబ్బు తప్ప మరో దిక్కు ఉండదని అనుకున్నాను. వాడ చివర గౌరవ్వ ఉంది, కార్డు లేనిది. కొమురవ్వ జాగాలో ఆమెను కూర్చోబెట్టాను, కూలి ఆమెకు, పీఎఫ్ సుజాతకు. పుస్తకం మళ్ళీ నిండింది. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

జైపాల్ సిరిసిల్ల కోర్టులో విడాకుల దావా వేశాడు. మేడిపల్లిలో కుల పెద్దలు కూర్చున్నారు. జైపాల్ అక్కడ ఒక మాట అన్నాడు. ఒకేసారి ఆరు లక్షలు ఇస్తాను, కాగితం రాసుకుందాం, మళ్ళీ ఒకరి గడప ఒకరం తొక్కవద్దు అని. పెద్దలు తీసుకొమ్మన్నారు. సుజాత నా వెనక కూర్చుని ఉంది. నా అంగీ కొంచెం లాగి, "తీస్కుందాం అన్నా," అన్నది.

నేను తీసుకోలేదు. అంతకు ముందురోజే జగిత్యాలలో వకీలు జగదీశ్‌ను కలిసి వచ్చాను. జగదీశ్ చిన్నవాడు, మంచివాడు, పని ఎక్కువ. ఆయన నన్ను కూర్చోబెట్టి భరణం సంగతి చెప్పాడు.

"చూడు కాకా. విడాకులైనయంటే ఆడామె లెక్క తీరిపోయినట్టు కాదు. ఆమె మల్ల పెండ్లి చేసుకోనంత కాలం, తన బతుకు తను ఎల్లదీసుకునే తోవ లేనంత కాలం ఆయన నెలనెలా ఇయ్యాలె. ఆయన జీతం పెరిగితే ఎక్కువ అడగొచ్చు. ఆయన రిటైరైతే తక్కువ జెయ్యుమని ఆయన అడుగుతడు. గంపగుత్తగ తీసుకుంటే మాత్రం గదే ఆఖరు, మల్ల అడిగేది ఉండది."

"నెలనెలా అంటే ఎన్నేండ్లు సార్?"

"ఇద్దర్ల ఒకరు పోయేదాక అనుకో."

ఆ చివరి మాట నా తలలో కూర్చుంది. బతికినంత కాలం వాడు నెల నెలా నా చెల్లెలి పేరు రాసి డబ్బు పంపాలి. సాంచల షెడ్డు ఆమె అది చూడాలి. నాకు అది కావాలి. డబ్బు కంటే అదే కావాలి. వకీలు చెప్పిన మధ్య మాట, తన బతుకు తను ఎల్లదీసుకునే తోవ లేనంత కాలం అన్నది, నేను విన్నాను గానీ పట్టించుకోలేదు. సుజాతకు ఏ తోవ ఉంది గనక? వాచిన మణికట్టు, కిరాయి గది.

పెద్దల ముందు లేచి నిలబడి, నా చెల్లెలు కూలికి కుదిరింది కాదు, లెక్క కట్టి పంపడానికి అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. సుజాత నా అంగీ వదిలేసింది.

విడాకులకు ఒప్పుకున్నాం. భరణం వదులుకోలేదు. సుజాత కోరుట్లలో ఉంటోంది కాబట్టి జగిత్యాల కోర్టులోనే దావా వేయవచ్చని జగదీశ్ వేశాడు. ఆస్తి ఎంత, ఆదాయం ఎంత అని ప్రమాణం చేసి కాగితం ఇవ్వాలన్నారు. సుజాత ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వాచిన చేతితో తాను ఎంత చుట్టగలదో, దానికి ఎంత వస్తుందో అంతే చెప్పింది. కాగితం మీద ఆమె అబద్ధం ఒక్కటీ లేదు. కార్డు పుస్తకం సంగతి జగదీశ్ అడగలేదు. మేమూ చెప్పలేదు. దాచాలని కాదు. ఆ పుస్తకం సుజాత ఆదాయమని మాలో ఎవరం ఎన్నడూ అనుకోలేదు. అది వాడలో నీళ్ళ నల్లా లాంటిది, ఒక ఇంటి ముందు ఉంటుంది, నలుగురు పట్టుకుంటారు.

మూడో వాయిదాకు జైపాల్ వకీలు ఒక కాగితాల కట్ట పెట్టాడు. పీఎఫ్ లెక్క. సుజాత పేరు, సుజాత ఫోటో, ఇరవై ఏళ్ళ పైచిలుకు లెక్క. మొన్నటి నెల దాకా నిండుగా పని. మణికట్టు వాచిన మనిషి చుట్టే లెక్క కాదు అది. ఇద్దరు గట్టి ఆడవాళ్ళ లెక్క.

జగదీశ్ నన్ను కోర్టు బయట వేపచెట్టు కిందికి తీసుకుపోయాడు. మొహం ఎర్రగా ఉంది.

"గిదేంది కాకా? ఆమె ప్రమాణం జేసి చెప్పినదానికి రెండింతలున్నది ఈండ్ల."

చెప్పాను. కొమురవ్వ సంగతి, గౌరవ్వ సంగతి. ఆయన విని కాగితాల కట్టను చంకలో పెట్టుకున్నాడు. కొద్దిగా సంపాదించినంత మాత్రాన భరణం పోదని, కానీ సంపాదన దాచిందని జడ్జి అనుకుంటే మొత్తం కేసే పోతుందని చెప్పాడు. ఇప్పుడు తోవ ఒక్కటే. ఆ బీడీలు ఆమెవి కావని ఎవరైనా బోనెక్కి చెప్పాలి. చెబితే ఆ మాట కోర్టులో ఉండిపోతుంది, కార్ఖానా దాకా పోవచ్చు. ఆలోచించుకొని రమ్మన్నాడు.

బయట జైపాల్ బండి తీస్తున్నాడు. దగ్గరికి పోయాను. బండి హ్యాండిలు పట్టుకొని ఆపాను.

"కొండగట్టుకు రా," అన్నాను. "తడిబట్టలతోటి అంజన్న ముంగట నిలవడి చెప్పు, కొమురవ్వ బీడీలు చుట్టలేదని. నాలుగు నెలలు ఆ పైసలు తిన్నవ్."

అతను హెల్మెట్ పెట్టుకుంటూ నింపాదిగా జవాబిచ్చాడు.

"నేను అబద్ధం ఆడలే బావా. కార్ఖానోళ్ళు రాసిన పుస్తకం తెచ్చి పెట్టిన. మా నాయిన ఆ పుస్తకం జూసే పిల్లను చేసుకున్నడు. అప్పుడు నువ్వు చెప్పినవా, సగం నా పెండ్లాం చుట్టిందని?"

బండి పోయింది.   ఆ ప్రశ్న అడిగినందుకు కూడా అతన్ని క్షమించను.

ఆ వారమంతా సాక్షి కోసం తిరిగాను. మొదట గౌరవ్వ. ఆమె చుట్టడం ఆపకుండానే విన్నది. చెబితే తన నోటి కూడు పోతుందని, తన మొగుడు మంచం మీద ఉన్నాడని, తాను సుజాత కార్డు మీద చుట్టింది నేను కూర్చోబెడితేనే అని చెప్పింది. మూడూ నిజమే. పక్కింటి పోశవ్వకు కార్డుంది, చేతులు వణికి చుట్టలేదు, ఆమె కార్డు మీద కోడలు చుడుతుంది. నన్ను చూసి తలుపు దగ్గరికి వేసుకుంది. ఆ వాడలో నేను ఎందరికో అర్జీలు రాసిచ్చాను. ఏడో తరగతి దాకా చదివింది నేనొక్కణ్ణే. ఒక్కరూ రాలేదు.

చివరికి బాబా మియా ఇంటికి పోయాను. ఆయన భార్య హమీదాబీ చాయ్ ఇచ్చింది. నేను సంచిలో నుంచి ఒక బీడీ కట్ట తీసి ఆయన ముందు పెట్టాను. కొమురవ్వ పోయాక అటక మీద రేకు డబ్బాలో దొరికింది. ఆమె చివరి కట్ట, అప్పగించనిది.

బాబా మియా కళ్ళద్దాలు పెట్టుకోలేదు. కట్టను అరచేతిలో తిప్పాడు. వేలితో ఒక బీడీ చుట్టును తడిమాడు.

"కొమురవ్వ చెయ్యి," అన్నాడు. "అంధేరాల, చీకట్ల గూడ చెప్త."

"గా మాట కోర్టుల చెప్పు."

ఆయన కట్టను నా సంచిలో తనే పెట్టాడు, పగిలే వస్తువును పెట్టినట్టు.

"నా కలం కింద పద్దెనిమిది కార్డులున్నయ్ భాయ్. ఒక్కటి విప్పితే పద్దెనిమిది విప్పుతరు. ఎన్ని ఇండ్లు? నేను సచ్చేదాక వాండ్లు నన్ను తిడితే నేను ఓర్వ. ఆమె చెయ్యి నాకు ఎరుకే. ఎరుకైతే ఏం ఫాయిదా? కాగితం మీద ఉన్నది నా చెయ్యి."

ఇక మిగిలింది నేను. సుజాత వద్దన్నది. ఇద్దరం చాటల దగ్గర కూర్చున్నాం. ఆమె కట్టలకు దారం చుడుతోంది, పళ్ళతో పట్టి లాగుతోంది, మణికట్టుకు పట్టు లేక.

"చెప్పకు అన్నా. నెల నెలా వచ్చేది రాకుంటె పాయె. ఉన్న కార్డు పోతే నాకేమున్నది? ఇంక కొన్నేండ్లయితే పింఛనొస్తది."

"భరణమొస్తే పింఛనెందుకు?"

"రాకపోతె?"

నిజం చెబితే ఎందుకు రాదని అడిగాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆరు లక్షలు వద్దన్న రోజు కూడా నేను ఇలాగే గట్టిగా మాట్లాడానని ఆమె అనలేదు. అనవలసింది. అని ఉంటే ఆగేవాడినేమో. ఆగేవాణ్ణి కాదు.

బోనెక్కాను. జగదీశ్ అడిగినవన్నీ చెప్పాను. నా భార్య ఇరవై ఆరేళ్ళు నా చెల్లెలి పేరు మీద బీడీలు చుట్టిందని, ఆమె పోయాక ఇంకొకామె చుడుతోందని చెప్పాను. గౌరవ్వ పేరు చెప్పలేదు. పొగాకు దుమ్ముతోనే కొమురవ్వ ఊపిరితిత్తులు పోయాయని, రుజువుగా దవాఖాన కాగితం ఉందని ఇచ్చాను. అది ఇంగ్లీషులో ఉంది. ఆమె పేరు, నా పేరు, ముద్ర ఉన్నాయి. ఊపిరితిత్తుల జబ్బని దవాఖానలో చెప్పారు కాబట్టి అందులో అదే ఉంటుందనుకున్నాను. నాకు ఇంగ్లీషు రాదు. జగదీశ్‌కు ఆ కాగితం ఆ పొద్దున్నే కోర్టు మెట్ల మీద ఇచ్చాను. ఆయన జబ్బు పేరు చూసి ఫైల్లో పెట్టాడు.

జైపాల్ వకీలు మాత్రం మొత్తం చదివాడు.

"నీ భార్య పేరున్న బీడీ కాగితం ఒక్కటన్న ఉన్నదా?" అని అడిగాడు.

లేదన్నాను.

"ఆమె పేరున్న కాగితం ఇదొక్కటే. నువ్వే తెచ్చినవ్. ఈండ్ల వృత్తి అని ఉన్న కాడ ఏం రాసిండ్రో తెలుసా?"

తెలియదన్నాను. ఆయన తెలుగులో చదివాడు. తొందరపడకుండా, గట్టిగా చదివాడు. "గృహిణి. ఏ పనీ చేయదు. పొగాకు పనితో సంబంధం లేదు. వివరం చెప్పినవారు, భర్త."

కొమురవ్వను పెద్ద దవాఖానకు తీసుకుపోయిన రోజు గుర్తుకొచ్చింది. గుర్తుకు రావడం కాదు, ఎదురుగా వచ్చి నిలబడింది. డాక్టరమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని, బీడీలు చుడతావా అమ్మా అని కొమురవ్వను అడిగింది. కొమురవ్వ నా వైపు చూసింది. నాకు భయమేసింది. కంప్యూటర్‌లో పడితే కార్డు లేని మనిషి ఎవరి కార్డు మీద చుడుతోందని అడుగుతారు, సుజాత కార్డు పోతుంది అనుకున్నాను. ఎవరూ అడిగేవారు కారు. డాక్టరమ్మకు ఆ సంగతులతో పనేముంది? అయినా నేనే ముందు నోరు తెరిచాను. "ఏం పని జెయ్యది మేడం, ఇంట్లనే ఉంటది," అన్నాను. డాక్టరమ్మ ఇంకోసారి కొమురవ్వనే అడిగింది. కొమురవ్వ ఆకు మరకలున్న వేళ్ళు కొంగు కింద పెట్టుకొని తల దించుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. దారంతా దగ్గింది. కోరుట్ల దగ్గర పడ్డాక ఒక్క మాట అడిగింది.

"గిన్నేండ్లు నేనేం జేసిన్నయ్యా మరి?"

నేను టిక్కెట్లు జేబులో వెతుకుతున్నట్టు చేశాను. ఆ తర్వాత ఆమె ఎక్కువ రోజులు లేదు.

"చెప్పినవారు, భర్త," అని ఆ వకీలు మళ్ళీ అన్నాడు. "అప్పుడు డాక్టరుకు అబద్ధం చెప్పినవా, ఇప్పుడు కోర్టుకు చెప్తున్నవా?"

అప్పుడు చెప్పింది అబద్ధం అన్నాను. అయితే అబద్ధం చెప్పే అలవాటున్నదన్నమాట అన్నాడాయన. ఎవరూ నవ్వలేదు. సంచిలో ఉన్న బీడీ కట్ట తీసి చూపించాను. ఎడమచేతి చుట్టు అని చెప్పాను. జడ్జి దాన్ని చూశారు. మర్యాదగానే చూశారు. ఎప్పుడు చుట్టిందో, ఎవరు చుట్టారో ఆ కట్ట చెప్పలేదు కదా అన్నారు. తిరిగి ఇచ్చేశారు. సుజాత వెనక బెంచీ మీద ఉంది. నేను దిగి వచ్చేటప్పుడు పక్కకు జరిగి నాకు జాగా ఇచ్చింది.

నెల తర్వాత తీర్పు వచ్చింది. దరఖాస్తుదారు తన అసలు ఆదాయాన్ని దాచింది. రికార్డు ప్రకారం తనను తాను పోషించుకోగలదు. అన్న సాక్ష్యం నమ్మదగింది కాదు. దావా కొట్టివేయడమైనది. జగదీశ్ తన ఫీజు మిగతా సగం తీసుకోలేదు. పైకోర్టుకు పోవచ్చన్నాడు. పరిస్థితి మారితే, అంటే ఆమె చేయి పూర్తిగా పడిపోతే, మళ్ళీ కొత్తగా వేయవచ్చని కూడా చెప్పాడు. చట్టంలో ఆ తోవ ఉందట. చేయి ఎప్పుడు పడిపోతుందా అని ఎదురు చూడాలన్నమాట.

కోర్టు నా మాట నమ్మలేదు. కార్ఖానా నమ్మింది. నేను బోనులో చెప్పిన మాటల నకలు ఎవరు పంపారో తెలియదు. జైపాలే అని నా నమ్మకం. ఇద్దరు మనుషులు వచ్చి పుస్తకం అడిగారు. సుజాత ఇచ్చింది. ఒకరి కార్డు మీద ఇంకొకరు చుట్టినట్టు ఇంటి పెద్దే ప్రమాణం చేసి చెప్పాడు కాబట్టి కార్డు రద్దు అన్నారు. పీఎఫ్ విచారణలో పెట్టారు. విచారణ ఎప్పుడు ముగుస్తుందో వాళ్ళకూ తెలియదు. ఒకే మాట ఒక చోట అబద్ధమైంది, ఇంకొక చోట నిజమైంది. రెండు చోట్లా పోగొట్టుకున్నది సుజాతే.

మిగతా కార్డుల జోలికి పోలేదు గానీ, బాబా మియాను పని మానిపించారు. ఆయన నా ఇంటికి వచ్చి తిట్టి ఉంటే బాగుండేది. మసీదు నుంచి వచ్చేటప్పుడు నన్ను చూసి తలవంచుకొని పోతాడు. గౌరవ్వ మాత్రం తిట్టింది. నల్లా దగ్గర, అందరి ముందు. "నీ పెండ్లాన్ని బతికినన్ని రోజులు దాచినవ్, సచ్చినంక బయట వెడితివి. దాని ఉసురు మాకు పోసినవ్," అన్నది. నిండిన బిందె ఎత్తుకొని పోతూ మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఆరు లచ్చలు తిని కూసోక," అన్నది.

సుజాత మాత్రం ఒక్క మాట అనలేదు. నాతో మాట్లాడుతుంది. కూర పంపుతుంది. జ్వరం వస్తే తల మీద గుడ్డ వేస్తుంది. నన్ను తిట్టడానికి ఆమెకు హక్కుంది, ఆ హక్కు కూడా వాడుకోవడం లేదు. ఆమెను ఆ ఒక్కదానికి నేను క్షమించలేను.

ఇప్పుడు ఆమె పోశవ్వ కార్డు మీద చుడుతోంది. పోశవ్వ కోడలు పుట్టింటికి పోయింది, జాగా ఖాళీ అయింది. వచ్చిన డబ్బులో పోశవ్వ తన వాటా తీసుకొని మిగతాది ఇస్తుంది. పీఎఫ్ పోశవ్వది. పింఛను పోశవ్వది. కొత్త మున్షీ పోశవ్వ పేరే రాసుకుంటాడు. సుజాత మధ్యాహ్నం దాకా చుట్టి, మణికట్టును గోరువెచ్చని ఉప్పునీళ్ళలో పెట్టుకొని, మళ్ళీ చుడుతుంది. కొమురవ్వ కత్తెర ఆమె దగ్గరే ఉంది. కుడిచేతికి అది సరిగా తెగదు. అయినా దానితోనే ఆకు కత్తిరిస్తుంది.

మొన్న ఒంటరి మహిళ పింఛనుకు దరఖాస్తులు తీసుకుంటున్నారని తెలిసి మున్సిపల్ ఆఫీసుకు పోయాం. విడాకుల కాగితం ఉంది కాబట్టి రావచ్చు అన్నారు. రాకపోవచ్చు కూడా అన్నారు. దరఖాస్తు నేనే నింపాను. పేరు, వయసు, చిరునామా రాశాను. భర్త పేరు దగ్గర గీత పెట్టాను. వృత్తి అన్న గడి దగ్గరికి వచ్చేసరికి నా చేయి ఆగింది.

కిటికీ అవతలి గుమాస్తా తొందరలో ఉన్నాడు. వెనక వరుస పెద్దగా ఉంది.

"ఏమన్న పని చేస్తదా ఆమె?" అని నన్ను అడిగాడు.

నేను సుజాత వైపు చూశాను. బీడీలు చుడుతుందని రాస్తే ఏ కార్డు మీద అని అడుగుతారు. పోశవ్వ కార్డు పోతుంది, ఈ పింఛనూ పోతుంది. రాయకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఆమె కూడా నన్ను చూసి ఊరుకుని ఉంటే ఈసారి నేను ఏం చెప్పేవాణ్ణో తెలియదు. ఆమె నా వైపు చూడలేదు. గుమాస్తానే చూస్తూ, ఆకు మరకలున్న వేళ్ళు కొంగు కిందికి తీసుకుంది.

"ఏం పని లేదు సార్, ఇంట్లనే ఉంట," అన్నది. తర్వాత నాతో, "రాయన్నా," అన్నది.

నా అక్షరాలు గుండ్రంగా, స్పష్టంగా ఉంటాయి. మా బడిలో సారు నా పలకను అందరికీ చూపించేవారు. ఆ అక్షరాలతోనే, ఎవరూ తప్పు చదవడానికి వీలు లేకుండా రాశాను. పని ఏమీ లేదు.

కింద ఇంకో గడి ఉంది. వివరం చెప్పినవారు. అక్కడ నా పేరు రాసి సంతకం పెట్టాను.